రెండు విమానాలు రాసుకున్నాయి

"ఆకాశంలో విమానాలు గుద్దుకోకుండా దేవుడు చూసుకుంటున్నాడు. నేల మీద గుద్దుకోకుండా నేను చూసుకుంటాను. ఈ రోజు నుంచి మన విమానాశ్రయంలో నేల మీద ఏ విమానమూ మరో విమానాన్ని ఢీకొనదు. ఇది ప్రభుత్వ నిర్ణయం!"

విమానయాన శాఖ మంత్రిగారు ఈ మాట అన్నప్పుడు నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. ఇంతకు ముందు వచ్చిన మంత్రులందరూ ప్రమాదాలు తగ్గిస్తామన్నవాళ్ళే. తగ్గించడంలో ఒక పిరికితనం ఉంది. ఎంత తగ్గాయని రేపు ఎవరైనా అడగవచ్చు. ఈయన ఏకంగా నిర్ణయమే తీసుకున్నారు. దాంతో పని అయిపోయింది. ఎండ ముదరకముందే సభ కూడా అయిపోయింది. అందుకు ఆయనకి ఎంతైనా రుణపడి ఉండాలి.

మా విమానాశ్రయం చిన్నది. పెద్ద విమానాలు దీని వైపు చూడవు. రెండు సీట్లవీ, నాలుగు సీట్లవీ వచ్చి పోతుంటాయి. ఒక మూల పైలట్ శిక్షణ కేంద్రం ఉంది. ఎగరబోయే ముందూ, దిగిన తర్వాతా విమానం నేల మీద మెల్లగా నడుచుకుంటూ వెళుతుంది. దాన్ని ట్యాక్సీ చెయ్యడం అంటారు. అందులో మీటరూ ఉండదు, బేరమూ ఉండదు. నేల మీద ఒక పసుపు గీత మాత్రం ఉంటుంది. ముందు చక్రాన్ని ఆ గీత మీద ఉంచి నడిపితే రెక్కలు ఎవరికీ తగలవు. ఏ విమానాశ్రయంలోనైనా ఇంతే.

మా గీత ఒక చోట మాత్రం వంకర తిరుగుతుంది. దానికి కారణం ఉంది. ఆ మధ్య మంత్రిగారు కొత్త ప్రయాణికుల హాలుకి శిలాఫలకం ఆవిష్కరించారు. హాలు రావలసిన చోట ఎండగా ఉండటం వల్ల, నీడగా ఉన్న చోట ఆవిష్కరించారు. ఆ నీడ విమానాల షెడ్డుది. షెడ్డు పక్కనే విమానాలు నడిచే దారి. ఇప్పుడక్కడ నల్లరాతి ఫలకం, దాని చుట్టూ గొలుసు, గొలుసు చుట్టూ పూలకుండీలు ఉన్నాయి. హాలు ఇంకా రాలేదు. పసుపు గీత అప్పటిదాకా తిన్నగా వచ్చి, ఫలకాన్ని చూడగానే, పెద్దాయన ఎదురుపడ్డ కుర్రాడిలా ఒక పక్కకి ఒదిగి, మళ్ళీ తిన్నగా వెళ్ళిపోతుంది. అది ఒదిగిన పక్కనే విమానాలు నిలిపే వరస ఉంది.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, విమానాశ్రయం మేనేజరు నా భార్య తమ్ముడు. ఆమె పోయిన తర్వాత, బావ ఇంట్లో ఒక్కడే గోడలు చూస్తూ కూర్చుంటాడని బాధపడి, తన ఆఫీసుకి వచ్చి కూర్చోమన్నాడు. నేను కాలేజీలో భాష పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ణి. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చోగలను. ఆయన గది కిటికీలోంచి గీతా, ఫలకమూ, విమానాలూ కనిపిస్తాయి. క్యాంటీన్ ఆయన నా టీలో పంచదార వెయ్యడు. నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరు చెప్పారో అడగలేదు.

మంత్రిగారు నిర్ణయం ప్రకటించిన మర్నాడు పొద్దున, మా బావమరిది కూతురు రెండు సీట్ల విమానాన్ని గీత మీద నడిపించుకుంటూ వస్తోంది. ఆ అమ్మాయి శిక్షణ పూర్తి కావచ్చింది. లైసెన్సు పరీక్ష వచ్చే వారమే. ముందు చక్రం గీత మీద సూదిలో దారంలా ఉంది. గీత ఒదిగిన చోట అమ్మాయి కూడా ఒదిగింది. వరసలో నిలిపి ఉన్న పాత నాలుగు సీట్ల విమానం తోకకి ఈ విమానం రెక్క చివర తగిలింది. గిన్నెని గచ్చు మీద ఈడ్చినట్టు చప్పుడైంది. తోక దీపం మీది గాజు బుడ్డి ఊడి కింద పడింది.

అమ్మాయి ఇంజను ఆపి దిగింది. ముందు ఆ పాత విమానం తోకని చేత్తో నిమిరి "సారీ" అంది. ఆ తర్వాత తన రెక్క చూసుకుంది.

మా బావమరిది పరిగెత్తాడు. వెనకాల నేను నడిచాను.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు రొప్పుతూ.

"నాకా, విమానానికా నాన్నా?"

"మంత్రిగారి మాటకి!"

గదిలోకి వచ్చాక తల పట్టుకుని కూర్చున్నాడు. ఢీకొన్న కేసు పేరు మీద పడితే ఆ పైలట్‌కి రెండేళ్ళు లైసెన్సు ఇవ్వరు. అది నియమం. రెండేళ్ళు ఎగరకుండా కూర్చున్న వాళ్ళు తర్వాత ఎగరడం తక్కువ. అది అనుభవం.

"కూతురని వదిలేస్తే పేపర్లో వేస్తారు. వదలకపోతే ఇంట్లో అన్నం వెయ్యరు. ఏం చెయ్యను బావా?"

"గీత వంకరగా ఉందని రాస్తే సరి."

లేచి వెళ్ళి కిటికీ మూసి వచ్చాడు. "గీత తప్పంటే ఫలకం తప్పన్నట్టు. ఫలకం తప్పంటే దాని మీద పేరు తప్పన్నట్టు. ఆ పేరు కింద చిన్న అక్షరాలతో నా పేరు కూడా ఉంది బావా."

అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. "గీత మీదే ఉన్నాను మావయ్యా. అడుగు కూడా ఇటూ అటూ పోలేదు" అని నాతో అంది, ఆయనతో అనలేక.

ఇంతలో, కబురు ఎలా చేరిందో, మంత్రిగారి పీఏ ఫోన్ చేశాడు. మా బావమరిది కంగారులో స్పీకరు నొక్కాడు.

"ఏమండీ మేనేజరు గారూ, విమానాలు ఢీకొన్నాయని మీకెవరు చెప్పారు?"

"నేనే చూశానండి."

"చూసింది చెప్పడానికి మేనేజరెందుకండీ, గేటు దగ్గర వాచ్‌మన్ చాలడూ? నిన్న మంత్రిగారు ఏమన్నారు?"

"ఢీకొనవు అన్నారండి."

"మరి?"

"మరి... కొనలేదండి."

"అలా రండి దారికి. ఢీకొనకపోతే మరి ఏం చేశాయి?"

మా బావమరిది నా వైపు చూశాడు. "అది కనుక్కుని చెప్తామండి. ఇక్కడ మా బావగారున్నారు. మాటలు ఆయన సబ్జెక్టు."

ఆ విధంగా పదాల ఉపసంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుణ్ణి నేనే, సభ్యుణ్ణీ నేనే. అభిప్రాయభేదాలు లేకుండా పనిచేసిన ఉపసంఘాన్ని నా జీవితంలో అదొక్కటే చూశాను.

"గుద్దుకున్నాయి?" అన్నాను ఫోన్లో.

"రౌడీల్లా ఉన్నాయి మాస్టారూ."

"తగిలాయి?"

"తగిలాయంటే వెంటనే దెబ్బ గుర్తొస్తుంది."

"స్పృశించాయి?"

"వద్దండీ బాబూ. ప్రతిపక్షం వాళ్ళు ఇంకో అర్థం తీస్తారు."

"కలుసుకున్నాయి?"

"ముందే అనుకుని కలుసుకున్నట్టుంది. కుట్ర అంటారు."

నేను కాసేపు ఆలోచించాను. తలుపు దగ్గర అమ్మాయి నా నోటి వైపే చూస్తూ నిలబడి ఉంది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినా, ఒక మాట కోసం అంత ఆశగా ఎదురుచూసిన విద్యార్థి నాకు తటస్థపడలేదు.

"రాసుకున్నాయి అనండి" అన్నాను. "ఇరుకు సందులో పోతుంటే భుజం గోడకి రాసుకుంటుంది చూడండి. తప్పు గోడదా, భుజానిదా?"

"ఎవరిదీ కాదు."

"అదే."

అవతల కలం గీసిన చప్పుడైంది. తర్వాత పీఏ గొంతు బొంగురుగా వచ్చింది. "మాస్టారూ, మీలాంటి వాళ్ళు క్లాసురూముల్లో మగ్గిపోవడం దేశానికి ఎంత నష్టమండీ!"

ఆ సాయంత్రమే నివేదిక వెళ్ళింది. 'శిక్షణ విమానమూ, నిలిపి ఉన్న విమానమూ పరస్పరం రాసుకున్నాయి. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.' గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. దాని మీద 'ఢీకొన్న సంఘటనలు' అని ఉండి, ఎదురుగా పెద్ద సున్న ఉంది. రెండ్రోజుల్లో ఇంకో రెండు విమానాలు అదే మలుపులో అలాగే రాసుకున్నాయి. సున్న చెక్కుచెదరలేదు. ఆ సున్నని చూసి మా బావమరిది ఎన్నాళ్ళకో కడుపు నిండా తిన్నాడని వాళ్ళ ఆవిడ నాతో చెప్పింది. చెబుతూ నా కంచంలోకి కూడా కాస్త ఎక్కువే వడ్డించింది.

తర్వాత పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది.

'రెండు విమానాలు పరస్పరం రాసుకున్నట్టు మీ నివేదికలో తెలిపారు. అవి ఏమి రాసుకున్నాయో ప్రతులు జతపరచలేదు. ఎవరి అనుమతితో రాసుకున్నాయో తెలపలేదు. సదరు ప్రతులు అందేవరకు సదరు పైలట్ లైసెన్సు పరీక్ష నిలిపివేయడమైనది.'

మా బావమరిది ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు, వెనక వైపు ఇంకేమైనా అర్థం ఉందేమోనని.

"తప్పు చదివారు" అన్నాను. "మనం రాపిడి సంగతి చెబితే వాళ్ళు రాతకోతలనుకున్నారు. ఆ సంగతే రాసెయ్యి."

"పై ఆఫీసు తప్పు చదవదు బావా. మనమే తప్పు రాస్తాం. ఇప్పుడు రాపిడి అంటే, రాపిడి అంటే ఏమిటంటారు. ఒరిపిడి అంటాం. అంటే ఏమిటంటారు. తిరిగి తిరిగి ఢీ దగ్గరికే వస్తుంది."

"అయితే ఏం చేస్తావు?"

"ప్రతులు పంపాలి."

"ఏ ప్రతులు?"

"అవి రాసుకున్నవి."

అమ్మాయి ముందు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "విమానాలు ఉత్తరాలు రాయలేదని నా పరీక్ష ఆపేశారా మావయ్యా?"

"రాయలేదని ఎవరన్నారు?" అన్నాను. "కాగితాలు పట్రా."

తోక తరఫున అమ్మాయి చెప్పింది. దెబ్బ తిన్నది ఆ తోకే కాబట్టి దాని మీద తనకి జాలి ఎక్కువ. రెక్క తరఫున నేను చెప్పాను. అర్ధగంటలో తయారయ్యాయి.

'గౌరవనీయులైన రెక్కగారికి, నేను వరసలో కదలకుండా నిలబడి ఉన్నాను. నిలబడటం తప్ప నాకు వేరే దురలవాట్లు లేవు. మీరు నన్ను దాటిన ప్రతిసారీ నా ప్రాణం తోకలోకి వస్తోంది. దయచేసి కాస్త అవతలికి జరగగలరు.'

'గౌరవనీయులైన తోకగారికి, జరగాలనే ఉంది. కానీ నా ముందు చక్రం ప్రభుత్వం వారి గీత మీద ఉంది. గీత జరిగితే నేనూ జరుగుతాను. గీత ఎందుకు జరగదో మీ ఎదురుగానే రాతి మీద చెక్కి ఉంది. తీరిక దొరికినప్పుడు చదువుకోగలరు.'

'చదివాను. అక్షరాలు బాగున్నాయి. ఇక రాసుకోవడమే మన రాత.'

మా బావమరిది చదివి కాగితాలు బల్ల మీద పెట్టాడు. "బావా, ఇందులో నిజం ఉంది."

"కొంచెమే."

"నేను సంతకం పెట్టను."

"నీ సంతకం ఎవరడిగారు? రాసింది విమానాలు కదా."

ఆయన మొహంలోకి నెమ్మదిగా రక్తం వచ్చింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తన పేరు లేకుండా ఒక నిజం పైకి వెళ్ళడం ఆయన చూడలేదు. అమ్మాయి ఉత్తరాల కింద ఏ విమానం రాసిందానికి ఆ విమానం నంబరు వేసింది. నాలుగు సీట్లదాని నంబరు కొంచెం వణుకుతున్నట్టు రాసింది. వయసు మళ్ళిన విమానం కదా అంది.

ఉత్తరాలు వెళ్ళిన మర్నాడే పీఏ ఫోన్ చేశాడు.

"మంత్రిగారు చదివారండీ. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు."

"ఏ భాగం దగ్గరండీ?"

"'గౌరవనీయులైన' అన్న దగ్గర. ఈ రోజుల్లో మనుషులకి లేని మర్యాద విమానాలకుంది అన్నారు."

"తర్వాత భాగం దగ్గర?"

"తర్వాత భాగం దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. చూడండి మేనేజరు గారూ, గీత మీద ఆరోపణ వచ్చింది. మంత్రిగారు దేన్నీ దాచిపెట్టే మనిషి కాదు. స్వయంగా వస్తున్నారు. ఆయన వచ్చిన విమానాన్నే, పత్రికలవాళ్ళ ముందు, ఆ గీత మీదే మీ అమ్మాయి నడపాలి. ఏదీ రాసుకోకుండా వేదిక దాకా వస్తే, పరీక్షకి అనుమతి కాగితం మీద అక్కడికక్కడే సంతకం."

ఫోన్ పెట్టేశాక అమ్మాయి వేళ్ళు మడిచి లెక్క వేసింది. "రాసుకుందనుకో, తప్పు నాది. రాసుకోలేదనుకో, గీత మంచిదే కాబట్టి ఆ రోజు తప్పు నాది. అవునా నాన్నా?"

"మధ్యలో ఇంకేమైనా ఉందేమో చూడమ్మా."

"మధ్యలో ఫలకం ఉంది."

ఆ రోజు మంత్రిగారు ఆరు సీట్ల విమానంలో వచ్చారు. రెండు సీట్లదాని కంటే దాని రెక్కలు బాగా పొడుగు. అది దిగి, రన్‌వే వదిలి, పసుపు గీత మొదలయ్యే చోట ఆగింది. మేమంతా అక్కడికి వెళ్ళి నిలబడ్డాం. వేదిక మలుపు అవతల, ఫలకం పక్కన ఉంది. మంత్రిగారిని కారులో వేదిక దగ్గరికి తీసుకెళ్ళాలి. అమ్మాయి విమానాన్ని వెనకాల నడుపుకు రావాలి. ఏర్పాటు అది.

మంత్రిగారు దిగి అందరికీ నమస్కారం పెట్టారు. అమ్మాయి తల మీద చెయ్యి వేశారు. "భయపడకు తల్లీ. గీత మీద నమ్మకం ఉంచు. మన ప్రభుత్వం గీసిన గీత."

"నమ్మకం ఉంది సార్" అంది అమ్మాయి. "మీరు కూడా లోపలే కూర్చోండి. గీత మీద మీకెంత నమ్మకముందో అందరూ చూస్తారు."

ఆ పిల్ల ఆ మాట ఎంత మర్యాదగా అందంటే, అందులో మర్యాద తప్ప ఇంకేదైనా ఉందేమోనని నేను చాలాసేపు వెతికాను.

పత్రికలవాళ్ళకి ఇది నచ్చింది. "కూర్చోండి సార్! కిటికీ దగ్గర కూర్చోండి, ఫొటో బాగుంటుంది సార్!" కారు ఫొటోకి అడ్డం వస్తోందని, ఎవరో దాన్ని అవతలికి పంపించేశారు.

మంత్రిగారు ఒక కాలు మెట్టు మీద పెట్టారు. కుడి వైపు నిలిపి ఉన్న విమానాల తోకలు చూశారు. ఎడమ వైపు దూరంగా ఫలకం మీద తన పేరు చూశారు. మధ్యలో గీత చూశారు.

"ఈ రెక్క ఎంత పొడుగమ్మా?"

"ఇక్కడైతే మామూలే సార్. మలుపు దగ్గరికి వెళ్ళేసరికి పొడుగనిపిస్తుంది."

ఆయన తన పైలట్ వైపు తిరిగారు. "నువ్వేమంటావయ్యా?"

పైలట్ అప్పటికే టిఫిన్ బాక్సు చంకలో పెట్టుకుని కిందికి దిగి ఉన్నాడు. "నా డ్యూటీ ఇక్కడి దాకే సార్."

మంత్రిగారు మెట్టు మీద నుంచి కాలు తీశారు. పీఏ వైపు చెయ్యి చాపారు. పీఏ అనుమతి కాగితం ఇచ్చి, గబుక్కున వంగి తన వీపు ఇచ్చాడు. మంత్రిగారు ఆ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు.

"ఈ అమ్మాయి ధైర్యం కళ్ళారా చూశాను. ధైర్యవంతులకి ఇక్కడ ఇంకో పరీక్ష పెట్టడం ధైర్యాన్ని అవమానించడమే!"

మేమందరం చప్పట్లు కొట్టాం. మా బావమరిది అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు.

"మరి గీత సంగతి సార్?" అన్నాడు ఒక విలేకరి.

"గీత మీద నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది. విశ్వాసం ఉన్నచోట రుజువు అడగకూడదు."

అమ్మాయి కాగితం పట్టుకుని సిరా ఆరేదాకా మెల్లగా ఊదుతూ నిలబడింది. నేను పక్కకి జరిగి దానికి కాస్త ఎండ వదిలాను.

ఇక వేదిక దగ్గరికి వెళ్ళాలి. కారు లేదు. గీత వెంట నడిస్తే ఐదు నిమిషాల్లో వెళ్ళవచ్చు. మంత్రిగారు గీత వైపు ఒకసారి చూసి, పక్కనున్న గడ్డిలోకి దిగారు. మొన్నటి వానకి గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంది. ఆయన వెనక పైలట్, పైలట్ వెనక మా బావమరిది, ఆయన వెనక అధికారులూ ఒకరి అడుగులో ఒకరు అడుగు వేసుకుంటూ బయల్దేరారు. గీతకి ఎంత దూరంగా పోవచ్చో అంత దూరంగా పోయారు.

పీఏ మాత్రం నా దగ్గర ఆగిపోయాడు. "మాస్టారూ, అర్జెంటు. కెమెరాలు తీస్తున్నాయి. మంత్రిగారు ఇలా గడ్డిలో పడి నడవడాన్ని ఏమనాలి?"

"పచ్చిక తనిఖీ అనండి."

అతను నా చేతులు కళ్ళకి అద్దుకున్నంత పని చేసి, గడ్డిలో పడి పరిగెత్తి, మంత్రిగారి చెవిలో ఆ మాట వేశాడు. మంత్రిగారు గంభీరంగా తల ఊపారు. ఆగారు. వంగి ఒక గడ్డిపరక తెంపారు. వెలుతురుకి పెట్టి చూశారు. కెమెరాలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. తెంపిన పరకని ఏం చెయ్యాలో తోచక ఆయన దాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నారు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలో ఆ ఫొటోయే వేశారు. మోకాళ్ళ దాకా గడ్డి, వెనక అధికారుల వరస, మంత్రిగారి నోట్లో గడ్డిపరక. ఎవరికీ వేరే మాట దొరకలేదు కాబోలు, కింద అన్నిటిలోనూ ఒకే లైను ఉంది.

'పచ్చిక నాణ్యతను స్వయంగా పరీక్షిస్తున్న మంత్రి.'